మధ్యలో ఆపకూడని పాట

ఆ రోజుల్లో బొగ్గుబావిలో కొలువున్న కుర్రవాడికి పిల్లనిచ్చే ముందు, పెద్దవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి ఓసారి ఇల్లు చూసిపోయేవారు. (చూసేది ఇల్లని పేరు, వెతికేది సారా సీసాల కోసం.) నా ఇంట్లో సీసాలు లేవు. అంతకన్నా ప్రమాదకరమైనవి ఉన్నాయి.

శ్రీరాంపూర్ దగ్గర కంపెనీ క్వార్టర్లో ఒంటరిగా ఉండేవాణ్ణి. మా సర్వే ఆఫీసు పెద్దాయనను అందరం రికార్డుల సారు అనేవాళ్లం, గ్రామఫోను రికార్డులంటే ఆయనకు అంత ప్రాణం. హిందుస్తానీ, కర్ణాటక సంగీతం ఒక పెట్టెలో, దేశం వదిలి వెళ్తున్న ఇంగ్లీషు దొరల దగ్గర కొన్న ఒపెరాలు ఇంకో పెట్టెలో. ఒపెరా అంటే పాటలతోనే నడిచే నాటకమని ఆయన చెబుతుంటే, అంతా తెలిసినట్టు తల ఊపేవాణ్ణి. ఆ ఊపుడే కొంప ముంచింది. వానలకు ఆయన ఇల్లు కురవడం మొదలవగానే పెట్టెలు రెండూ, గ్రామఫోనూ తెచ్చి మా ఇంట్లో దించాడు.

"తమ్మీ, గీ ఊర్ల పాట విలువ తెలిసినోనివి నువ్వొక్కనివే. ఐతారం ఐతారం తీసి తుడువు, ఒక్కటన్న పెట్టి విను. సూది పెట్టినంక మాత్రం పాట అయిపోయేదాకా లేపకు. గీత పడ్డదా, గా పాట మళ్ల దొరకది."

ఓ ఆదివారం పొద్దున ఒపెరా పెట్టానో లేదో, మెట్‌పల్లి నుంచి పిల్ల తండ్రి, నాయనమ్మ గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఒకావిడ గొంతు చించుకుంటోంది.

"ఒక్కనివే ఉంటవన్నరు. ఎవరామె? ఎందుకేడుస్తుంది?" అన్నాడాయన.

సూది లేపితే పిల్ల దక్కుతుంది, గీత పడుతుంది. లేపకపోతే గీత పడదు, పిల్ల దక్కదు. చెయ్యి చాపాను, వెనక్కి తీసుకున్నాను. అంతలో గ్రామఫోనుకు తిప్పిన కీ అయిపోవచ్చి ఆవిడ గొంతు సాగి, సాగి, మగగొంతులోకి దిగిపోయింది.

"అయ్యో, లోపల మొగోడు గూడ ఉన్నడురా!" అంటూ ముసలమ్మ నన్ను నెట్టుకుని లోపలికి వచ్చింది. మంచం కిందకు వంగి చూసింది, తలుపు వెనక చూసింది. చివరికి గ్రామఫోను ముందు ఆగింది. నేను గబగబా కీ తిప్పాను. పాటలో ఆవిడ మళ్లీ ఆడదైపోయింది.

"ఏమంటుంది పిలగా?"

"తెల్వదవ్వా."

"తెల్వకనే వింటున్నవా? బంద్ చెయ్యరాదు?"

"సారు సామానవ్వా. నడుమల ఆపితే గీత పడ్తదన్నడు."

ముసలమ్మ చతికిలబడి పాట ముగిసేదాకా విన్నది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పరాయోని పాట పెంకును గింత పైలంగ చూసుకునేటోడు మన పిల్లను చూసుకోడా? పరేషాన్ గాకు, ఖాయం చెయ్."

పెళ్లికి వచ్చిన సారు సంగతంతా విని పడీ పడీ నవ్వాడు. "ఏడుపు కాదు తమ్మీ! ప్రేమలవడ్డ పోరి సంబురం!"

మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. పెట్టెలు బండెక్కిస్తుంటే నా చేతులు ఎందుకో వదల్లేకపోయాయి. ఆ తర్వాతి ఆదివారం ఏం చేయాలో తోచక గుమ్మంలో కూర్చుంటే, మా ఆవిడ వంటింట్లోంచి అంది: "గంత మనసు గుంజితే జర నువ్వే పాడరాదు!"

పాడాను. ఎవరేడుస్తున్నారంటూ పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. అంత నమ్మకంగా మళ్లీ ఎప్పుడూ పాడలేదు.