ఏటి అన్నందుకు

గుమ్మంలో ఎండ పడుతోంది, లోపలికి జరిగి నా పక్కన కూర్చోండి. మధ్యలో లేవకుండా వింటానంటేనే మొదలుపెడతాను. ఎవరైనా ఆపితే నేను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. నా బుర్ర అలాంటిది. ఆ బుర్ర వల్లే ఇదంతా జరిగింది.

నేను చదివింది రెండో తరగతి. బతుకుతెరువుకి మా తెలుగు ఊరు వదిలి వచ్చాం, ఇల్లు ఉక్కు ప్లాంటు పక్కన మరోదాలో. సెక్టర్ 7లో ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా చేస్తున్నాను. మా ఆయన ఆ ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పనిచేసి, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టారు. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే. బడిలో నాతోపాటు ఇంకో ఆయా ఉంది. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషే, నాకంటే పెద్దది, భర్త లేడు. అక్క అన్నట్టు దీదీ అంటాను. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకే స్టీలు డబ్బాలో కలుపుకుని తింటున్నాం.

వేసవి సెలవుల ముందు, కొత్తగా వచ్చిన పెద్ద మేడమ్ మా ఇద్దరినీ నిలబెట్టి హిందీలో చెప్పింది. ఇకమీదట ఆయాలు కూడా పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడాలట. బడి తెరవగానే ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతుందట. ఇంగ్లీషు రానివాళ్ళు ఇక పనికి రానక్కర్లేదట.

ఇంటికొచ్చి కాలేజీలో చదివే నా కూతురి ముందు కూలబడ్డాను. అది ఇక్కడే పుట్టింది, తెలుగు కంటే దానికి హిందీయే ముందొస్తుంది. పుస్తకం తెచ్చి నేర్పబోయింది. వారం రోజులు కూర్చున్నాను. ఉదయం చెప్పింది సాయంత్రానికి ఉండేది కాదు. ఒకరోజు బియ్యం కడుగుతూ ఏడ్చేశాను.

"నాకు రాదే. ఈ జన్మకి రాదు."

"అరే అమ్మా, నన్ను ఉయ్యాల ఊపినప్పుడు పాడిన జోల మొత్తం నీకొచ్చు కదా? కాగితం సూడకుండా గంటసేపు పాడతావు. ఇంగ్లీషు అందులో పెట్టేద్దాం, ఏటంటావు?"

అలా మొదలైంది. మా అమ్మ నాకు నేర్పిన జోల వరసలో అది ఇంగ్లీషు మాటలు కూర్చింది. ముందు గుడ్ మార్నింగ్, తర్వాత చేతులు కడుక్కో, తర్వాత వరసలో నిలబడు, నీళ్ళు తాగు, ఏడవకు. నేనెలా పలికేదాన్నంటే, "వాషూ యువరూ హ్యాండ్సూ" అని.

"హ్యాండ్స్, అమ్మా. చివర ఊ లేదు."

"ఊ లేకపోతే ఉయ్యాల ఎలా ఊగుద్దే?"

మంచం మీంచి మా ఆయన దగ్గుతూనే నవ్వారు. దీదీ కూడా రోజూ నడిచి వచ్చేది. నా కూతురు మా ఇద్దరికీ ఒకే పాట నేర్పింది. "రెండు ముసలి కోయిలలు దొరసాని బిడ్డని నిద్రపుచ్చుతున్నాయి" అనేవారు ఆయన.

సెలవులు అయ్యేసరికి పాటంతా నోటికొచ్చింది. కానీ ఒక చిక్కు. మధ్యలో మాట అడిగితే నాకు దొరకదు. గుడ్ మార్నింగ్ నుంచి లోపల పాడుకుంటూ వస్తేనే ఆ మాట దగ్గర ఆగగలను.

బడి తెరిచారు. ముందు దీదీ వెళ్ళింది, నవ్వు ముఖంతో బయటికి వచ్చింది. తర్వాత నేను. మేడమ్ అడిగినప్పుడల్లా పెదాలు కదలకుండా మొదటినుంచి పాడుకుని జవాబు చెప్పాను. చీర చెంగు తడిసిపోయింది. చివర్లో ఆమె పొడుగ్గా ఏదో అడిగింది. పాటంతా రెండుసార్లు తిరిగొచ్చాను, అది ఎక్కడా లేదు. భయానికి నా నోటినుంచి, ఏమిటి అనడానికి మా ఊళ్ళో అనే మాట జారింది.

"ఏటీ?"

"ఎయిటీ?" మేడమ్ కనుబొమలు ఎగరేసి రాసుకుంది. ఆమె ముఖం వెలిగింది. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు మమ్మల్ని పిలిచి దీదీని రేపటినుంచి రావద్దంది. నావైపు తిరిగి హిందీలో, "ఒక్కదానివి ఎంతమంది పిల్లల్ని చూడగలవంటే ఎనభై అన్నావుగా, ఇక ఇద్దరెందుకు?" అంది. మా బడిలో అంతమంది పిల్లలే లేరు.

దీదీ నన్ను చూసింది. "ఐసా బోలీ తూ?" అలా అన్నావా అని అడిగింది, అంతే. నేను నోరు విప్పలేదు. కళ్ళముందు మా ఆయన మందులు కనిపించాయి. దీదీ అన్నం డబ్బాలోంచి తన గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం సగం ఖాళీగా ఉన్న ఆ డబ్బా తెరిచి, తినకుండానే మూత పెట్టేశాను. ఇంటికొచ్చి కూతురికి చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత తల పట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. పాటలో అన్నీ జవాబులే పెట్టాను. అర్థం కాలేదని సెప్పే లైను ఒక్కటీ పెట్టలేదు."

"అయితే ఇప్పుడు పెట్టు."

"సెప్తే నీ పనీ పోవచ్చు."

"తెలుసు. పెట్టు."

ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. చివరి వరసలో అది చేర్చింది. మర్నాడు మేడమ్ గదిలో నిలబడ్డాను. ఆ ఒక్క మాట చెప్పాలని వెళ్ళాను, రాలేదు. ఏం చేయను? గుడ్ మార్నింగ్ నుంచి అందుకున్నాను. లోపల కాదు, గొంతెత్తి. చేతులు కడుక్కో, వరసలో నిలబడు, నీళ్ళు తాగు, ఏడవకు అంటూనే నా కళ్ళు కారిపోతున్నాయి. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మేడమ్ కలం కింద పెట్టింది. ఏటి అంటే ఎనభై కాదని హిందీలో చెప్పాను.

"అంటే నీకు ఇంగ్లీషు రాదన్నమాట" అంది. చివరికి ఉద్యోగం ఒకటే ఉందని, ఇద్దరూ పంచుకోమని తేల్చింది. రోజు విడిచి రోజు దీదీ, రోజు విడిచి రోజు నేను. జీతం చెరిసగం.

ఆ సగంతోనే ఇప్పటికీ ఈదుతున్నాను. మందులు రెండు పూటలవి ఒక పూటకి వచ్చాయి. దీదీ నన్ను తిట్టలేదు, మా ఇంటికి మళ్ళీ పాటకీ రాలేదు. ఆమె వెళ్ళిన రోజు నేను ఉండను, నేను వెళ్ళిన రోజు ఆమె ఉండదు. ఆ డబ్బా మాత్రం బడి అలమారలో పెట్టి వస్తాను. ఒక్కోరోజు అందులో ఆమె వదిలిన పచ్చడి ఉంటుంది. ఒక్కోరోజు ఉండదు.

ఇంతసేపూ కదలకుండా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఏ పూటా ఆరకూడదు. తెలియక ఎవరైనా "ఏటి?" అని అడిగితే, విసుక్కోకుండా మళ్ళీ చెప్పే మనిషి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.