పోయిన సున్నా

టప్. టప్. టప్.

మెట్లెక్కి మూడో అంతస్తుకి వచ్చేవాళ్ళకి ముందు వినబడేది ఈ చప్పుడే. చెక్క మీద ఇనప పళ్ళెం మెత్తగా పడే చప్పుడు. మూడు దెబ్బలు, ఒక ఊపిరి పీల్చుకునేంత ఆగుడు, మళ్ళీ మూడు. పసిపిల్లని జోకొడుతూనే ఎవరో నిద్ర లేపుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి తలుపు సందులోంచి వెన్న వాసన వస్తుంది. దాని వేలు పట్టుకుని జాజికాయ వాసన వస్తుంది. అన్నిటికన్నా ఆఖరున, పిండి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ సున్నా పిన్ని వస్తుంది.

వీధి మొత్తానికి ఆమె సున్నా పిన్నే. ముప్పై నాలుగేళ్ళు ఒకే అచ్చాఫీసులో అక్షరాలు కూర్చిన మనిషి. సీసపు అక్షరాలని అరల్లోంచి ఏరి, చేతిలోని ఇనప పట్టీలో వరసగా నిలబెట్టి, లైను బిగించి, పక్కన పెట్టి, ఇంకో లైను. చూపు అక్కర్లేదు, వేళ్ళకే తెలుసు ఏ అరలో ఏముందో. లైను మాత్రం బిగుతుగా ఉండాలి. వెంట్రుకవాసి వదులున్నా ఎత్తగానే జల్లున రాలిపోతుంది. అచ్చు వేసేముందు అక్షరాల మీద చదునైన చెక్క పెట్టి సుత్తితో తట్టేది, అన్నీ ఒకే ఎత్తున నిలబడాలని. టప్, టప్, టప్. ఆ చెయ్యే ఇప్పుడు పిండి పోసిన పళ్ళేన్ని తడుతోంది, లోపలి గాలి బుడగలు పోవాలని.

ఆమెకి ఆ పేరు ఎలా వచ్చిందో వీధిలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలుసనుకున్నారు.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, పక్క వీధి బడిలో కొత్తగా పుస్తకాల గది తెరుస్తూ పెద్ద పంతులమ్మ ఆహ్వాన పత్రాలు వేయించింది. "మా బడి పంతులందరికీ ప్రేమతో ఆహ్వానం" అని ఉండాలి. పంతులు నడుమ సున్నా ఎగిరిపోయింది. "మా బడి పతులందరికీ ప్రేమతో ఆహ్వానం" అని అచ్చయి రెండొందల ఇళ్ళకి చేరింది. ఆవిడేమో పెళ్ళి మాటెత్తితే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయే మనిషి. "పంతులమ్మగారూ, నేను ఎన్నో పతిని? ఏ వరసలో కూర్చోమంటారు?" అని డ్రిల్లు మాస్టారు అడిగాడట. ఆ ఏడాదంతా వీధి అదే తలుచుకుని నవ్వింది. అచ్చాఫీసు యజమాని చేతులు దులిపేసుకున్నాడు. "ప్రూఫు చూసి సంతకం పెట్టింది ఆవిడేగా!" అన్నాడు. ఆ సంతకం పెట్టిన కాగితం చూపించమంటే, చెత్తలో కలిసిపోయిందని అక్షరాలు కూర్చిన మనిషి చెప్పింది. మందలింపు పడింది, పేరు మిగిలింది. సున్నా పిన్ని.

పేరుకి ఆమె అలవాటు పడిపోయింది. ఆ నవ్వూ వయసు పైబడి చచ్చిపోయింది. ఇంక ఎవరికీ ఏ గాయమూ లేదనుకుంది.

ఈ మధ్య ఆమె భర్తకి గుండెలో ఏదో తేడా చేసింది. పుస్తకాలకి అట్టలు కట్టే పని ఆయనది, అందరూ బైండరు గారంటారు. నూనెలో వేగినవేవీ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. తీపి లేనిదే సాయంత్రం గడవదు ఆయనకి. అప్పుడు కోడలు ఎక్కడినుంచో ఒక పళ్ళెం పట్టుకొచ్చింది. నల్లటిది, చేతికి బరువైనది. రెండు వరసల్లో మూడేసి గుంటలు, ప్రతి గుంట నడుమా ఒక చిన్న మొగ్గ.

"డోనట్ల అచ్చు అత్తయ్యా. నూనె అక్కర్లేదు, ఓవెన్‌లో పెడితే చాలు."

పిన్ని దాన్ని రెండు చేతులా పట్టుకుంది. అచ్చు. ఆ మాట విని ఎన్నాళ్ళయింది. పళ్ళెంలోంచి ఆరు సున్నాలు ఆమె మొహంలోకి చూశాయి.

"ఆరు సున్నాలు!" కోడలు నవ్వింది. "మా పెద్ద పంతులమ్మగారు చూస్తే వణికిపోతారు."

"ఎందుకు?"

"నేనూ ఆ బళ్ళోనే చదివానుగా. ఆవిడ మా పేపర్లు దిద్దేవారు కాదు, చిన్న టీచర్లచేత దిద్దించేవారు. 'నా కళ్ళని నమ్మకండర్రా, నాకు సున్నాలు కనబడవు' అనేవారు. ఏదో జోకనుకునేవాళ్ళం. ఇప్పటికీ అంతే. కరెంటు బిల్లు కూడా ఎవరో ఒకరిచేత మళ్ళీ చదివించుకుంటారు."

పిన్ని పళ్ళెం కడగడానికి తీసుకెళ్ళింది. కుళాయి చాలాసేపు పోతూనే ఉంది.

మర్నాడు మొదటి వాయి. ఒక గిన్నెలో మైదా, పంచదార, బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, గీరిన జాజికాయ. ఇంకో గిన్నెలో గుడ్లు, మజ్జిగ, కరిగించిన వెన్న. రెండూ కలిపి, పాల కవరులో పోసి, మూల కత్తిరించి, గుంటల్లోకి పిండింది. అంచుదాకా నింపింది. మిగిలిన చోట్లు వెతికి మరీ నింపింది. పన్నెండు నిమిషాలకి తీసి చూస్తే ఆరూ పొంగి, నడిమి మొగ్గల్ని మింగేసి, బొద్దుగా కూర్చున్నాయి. ఒక్కదానికీ చిల్లు లేదు.

"ఇవి సున్నాలా, ఫుల్‌స్టాపులా?" అన్నాడు బైండరు, ఒకటి నోట్లో పెట్టుకుంటూ. "పోనీలే. చిల్లుంటే ఆ మేరకు తిండి తగ్గేది."

"రెండొంతులే పోయాలి అత్తయ్యా," అంది కోడలు. "అది పొంగడానికి చోటు వదలాలి."

"చోటు వదిలితే జారిపోదూ?"

"జారిపోవడానికి ఇది మీ సీసం కాదుగా!"

ఆ మధ్యాహ్నం ఇల్లు పడుకున్నాక ఆమె బీరువా అడుగునుంచి రేకు పెట్టె తీసింది. అందులో ఒక కాగితం ఉంది, పసుపు పచ్చగా, మడతల దగ్గర చిరుగుతూ. చెత్తలో కలిసిపోయిందని తాను చెప్పిన ప్రూఫు.

అందులో సున్నా ఉంది.

ఆ రోజు జరిగింది ఆమె ఒక్కదానికే తెలుసు. భోజనాల వేళ, అచ్చాఫీసు ఖాళీ. పెద్ద పంతులమ్మ అప్పుడే ప్రూఫు చూసి సంతకం పెట్టి వెళ్ళింది. పిన్ని చాటుగా సొంత కార్డు ఒకటి కూర్చుకుంటోంది, భర్త పెట్టబోయే కొట్టుకి. "బైండింగ్ షాపు ప్రారంభం." ఎన్ని సున్నాలో చూడండి ఆ మూడు మాటల్లో. సున్నాల అర అడుగంటింది. ఒక్కటి తక్కువైంది. చేతికందే దూరంలో పెద్ద పంతులమ్మ కార్డు బిగించి ఉంది. అందులోంచి ఒక సున్నా ఊడదీసి, లైను వదులు కాకుండా చివర ఒక ఖాళీ ముక్క దూర్చింది. ఒక్క ప్రతి తీసుకుని, వెంటనే తిరిగి పెట్టేద్దామనుకుంది. ఈలోగా మిషను నడిపే ఆయన భోజనం నుంచి తొందరగా వచ్చేశాడు. కార్డు ఎత్తాడు, ఎక్కించాడు. మిషను కదిలిన చప్పుడు పిన్ని విన్నది. అరిస్తే ఆగేది. అరిస్తే, పనివేళ సొంత కార్డు కూర్చుకుంటోందని అందరికీ తెలిసిపోయేది. చేతిలో సున్నా పట్టుకుని నిలబడిపోయింది. రెండొందల కార్డులకి ఎంతసేపు పడుతుంది?

పెద్ద పంతులమ్మని చూసి వీధి నవ్విందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ మనిషి తన కళ్ళని తానే నమ్మడం మానేసిందని తెలియదు.

రెండో వాయికి రెండొంతులే పోసింది. చెయ్యి ఊరుకోలేదు, ఇంకాస్త, ఇంకాస్త అంది. ఆపుకుంది. పళ్ళెం తట్టింది, ఓవెన్‌లో పెట్టింది, చల్లారాక బోర్లించింది. ఆరూ పడ్డాయి, ఆరింటికీ చిల్లులు. ఒకటి ఎత్తి కిటికీ వైపు పట్టుకుంటే అవతల మేడ మీద ఆరేసిన బట్టలు అందులోంచి కనిపించాయి. ఆ రోజు సున్నాల అరలో కనబడ్డ ఇలాంటి ఖాళీయే తన చేత తప్పు చేయించిందని ఆమెకి అనిపించింది. అప్పుడు తీసిన సున్నాని ఇప్పుడు తిరిగి ఇచ్చేసి రావాలి.

పంచదార పొడి చల్లి, ఆరూ డబ్బాలో పెట్టుకుని, ప్రూఫు కాగితాన్ని సంచిలో వేసుకుని పక్క వీధికి నడిచింది. దారి పొడుగునా మాటలు నింపుకుంది. సున్నాలు తక్కువైన సంగతి, కొట్టు కోసం ఆయన పడ్డ పాట్లు, మిషను ఆయన తొందర. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అంచుదాకా నిండిపోయాయి. అప్పుడు పళ్ళెం గుర్తొచ్చింది. చాలా మాటలు గుమ్మం బయటే వదిలేసింది.

పెద్ద పంతులమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఎదురుగా పేపరు, చదివినట్టు లేదు.

"ఎవరూ?"

"నేనండీ. అచ్చాఫీసులో చేసేదాన్ని."

"ఓహో. సున్నావా? రా. ఈసారి ఏం పోగొట్టావు?"

పిన్ని కూర్చోలేదు. కాగితం ఆవిడ ముందు పెట్టింది.

"ప్రూఫులో సున్నా ఉందండీ. మీరు సరిగ్గానే చూశారు. సంతకం పెట్టాక నేనే తీశాను."

పెద్ద పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, తీసేసింది, కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుంది. వేలు ఒక్కో అక్షరం మీదా ఆగుతూ వెళ్ళి ఒక చోట నిలిచిపోయింది.

"ఇది నా సంతకమే."

"అవునండీ."

"దేనికి తీశావు?"

"మా ఆయన కొట్టు కార్డుకండీ. ప్రారంభంలో ఒకటి తక్కువైంది."

"మధ్య సున్నానా, చివరిదా?"

"చివరిదండీ."

ఆవిడ కాగితాన్ని పాత మడతల వెంబడే మడిచింది.

"ఒక్క పేపరు దిద్దలేదు నేను. ఇన్నేళ్ళలో ఒక్కటి. తెలుసా నీకు?"

"మొన్ననే తెలిసిందండీ."

"ఇంక వెళ్ళు."

డబ్బా అక్కడే ఉండిపోయింది. పిన్ని ఇంటికొచ్చి పళ్ళెం కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. పది రోజులు మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. "మందుల మీద బతకమంటావేమిటే నన్ను?" అని బైండరు గునిశాడు. అప్పుడు ఆయనకీ కోడలికీ అంతా చెప్పింది. తన కొట్టు కార్డులోని చివరి సున్నా ఎవరిదో విన్నాక ఆయన జోకు వెయ్యలేదు. "కార్డు బాగుందని మెచ్చుకున్నాను కూడా నేను," అన్నాడు.

పదకొండో రోజు కోడలు పంతులమ్మగారింటినుంచి డబ్బా తెచ్చింది. లోపల తిండి లేదు. మడిచిన అరకాగితం ఉంది. "కొత్త కలం నాచేతే తెప్పించుకున్నారు అత్తయ్యా," అంది.

ఎర్రసిరా. గుండ్రటి, నిటారైన రాత.

"ఆరింటిలో నాలుగోదాని చిల్లు వంకర. పంచదార ఒక పక్కే పడింది. జాజికాయ ఎక్కువైంది. మళ్ళీ చేసి తీసుకురా."

"అయితే పాసా, ఫెయిలా?" అన్నాడు బైండరు, మెడ చాచి చదువుతూ.

పిన్ని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. క్షమించానన్న మాట అందులో ఎక్కడా లేదు. వెతకలేదు కూడా. "దిద్దారు," అంది అంతే. స్టూలెక్కి అటక మీది పళ్ళెం దించింది.

ఇప్పుడు వారానికో వాయి వెళుతుంది, వారానికో ఎర్ర కాగితం వస్తుంది. ఇదంతా రాసుకుంటానని నేను అడిగితే ఆమె వద్దనలేదు. పళ్ళేన్ని చెక్క మీద బోర్లించి, మూడు దెబ్బలు తట్టి, ఎత్తి, ఆరూ పడ్డాయో లేదో చూసుకుని అంది:

"రాసుకో. అచ్చుకి పంపేముందు ప్రూఫు మాత్రం ఆవిడకి చూపించు. సంతకం పెట్టాక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. నన్ను కూడా."