థర్మాకోల్ ఇంట్లో పొంగిన పాలు

ద్రాక్షతోటలు ఉన్నన్నాళ్లూ మేం రాజులమే. కోసిన కాయ పాడవకుండా ఉండాలంటే చల్లగది కావాలి, చల్లగది కావాలంటే మేడ్చల్ రోడ్డు మీది మా షెడ్డుకే రావాలి. రెండు రేకుల మధ్య థర్మాకోల్ పెట్టి పెద్ద పెద్ద పలకలు చేసేవాడు మా నాయిన. పలకకూ పలకకూ మధ్య కొక్కేలుండేవి. ఒక తాళంచెవి తిప్పితే గది నిలబడేది, వెనక్కి తిప్పితే ఊడి వచ్చేది.

తర్వాత శామీర్‌పేట దాకా తోటలు నరికి ప్లాట్లు చేశారు. ఆ తెల్లరంగు హద్దురాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చల్లగదులు అడిగే నాథుడే లేడు. ఆ ఎండాకాలం దాటేలోపు పని దొరక్కపోతే షెడ్డు ఖాళీ చేసి, తుర్కపల్లి మందుల కంపెనీలో వాచ్‌మన్‌గా చేరతానని నాయిన అన్నాడు. ఆ మాట అన్న రోజు ఆయన సరిగా అన్నం తినలేదు.

ఆ ఏడే సముద్రం ఒడ్డున తుఫాను వచ్చింది. ఇళ్లు పోయినవాళ్లు టార్పాలిన్ గుడారాల్లో ఉండలేక బయట ఎండలో కూర్చోవడం టీవీలో చూపించారు. కరెంటు లేదు, ఫ్యాను లేదు. చూస్తూ చూస్తూ నాయిన గభాలున లేచాడు. "సల్లదనాన్ని బయటికి పోనియ్యని పలక, ఎండను లోపటికి రానిస్తదా?" అన్నాడు.

అంతే, ఒంటిగది ఇల్లొకటి తయారైంది. పైనా కిందా గాలికి చిన్న కిటికీలు. రాత్రంతా తెరిచి చల్లగాలిని నింపుకోవాలి, తెల్లారగానే మూసెయ్యాలి. ఫ్యాను అక్కర్లేదు. విప్పితే లారీలో పడుకుంటుంది, బిగిస్తే నేల మీద లేచి నిలబడుతుంది. ఒక ఆఫీసరు వచ్చి చూస్తానన్నాడు. మిట్టమధ్యాహ్నం బయటికన్నా లోపల చల్లగా ఉంటేనే ఆర్డరు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే నాయిన కిటికీలు మూసి, తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈగను కూడా పోనివ్వలేదు. అప్పుడు దిగింది మా అవ్వ, తూంకుంట నుంచి బస్సులో, ఒక చేతిలో కిరోసిన్ స్టవ్వు, ఇంకో చేతిలో పాలగిన్నెతో.

"పాలు పొంగియ్యని ఇల్లు ఇల్లెట్లయితదిరా?"

"అమ్మా, ఇది మనిల్లు గాదే. గా తుఫానోళ్లది."

"అయితే ఇంకింత పొంగియ్యాలె. ఉన్న ఇల్లు పోయినోళ్లాయె."

నాయినకు తెలియదా? అన్నీ తెలుసు. తెలిసీ లేచి తలుపు తీశాడు. "జల్దీ కానియ్యి" అన్నాడు. గాలికి మంట ఆరిపోతోందని ఆ తలుపు మళ్లీ మూసింది కూడా ఆయనే. నాయిన, అవ్వ, నేను, మా మేస్త్రీ స్టవ్వు చుట్టూ మూగాం. ఆ పాలు ఎంతకీ పొంగవు. చివరికి తూర్పువైపే పొంగాయి. చప్పట్లు కొట్టాం. కొట్టాక చూసుకుంటే అందరం చెమటతో తడిసి ముద్దయ్యాం.

ఎండను రానివ్వని పలక సెగను పోనిస్తుందా?

"భట్టీ అయింది గద సేఠ్" అన్నాడు మేస్త్రీ. నాయిన తల పట్టుకున్నాడు. నాకేమో నవ్వు ఆగడం లేదు. కాసేపటికి ఆయనకూ నవ్వొచ్చింది, ఏడుపు కలిసిన నవ్వు. "ఇప్పుండ్రి, అన్ని పలకలు ఇప్పుండ్రి" అన్నాడు.

కప్పు దించాం, గోడలు ఊడదీశాం. అవ్వ మాత్రం లేవలేదు. పాలు పొంగిన ఇంట్లో మనిషి లేకుండా ఉండకూడదట. ఇల్లు మొత్తం గడ్డి మీద పరుచుకుని ఉంటే, చెక్కనేల మధ్యలో అవ్వ పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. చెప్పిన వేళకన్నా ముందే జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరు దిగి చుట్టూ చూశాడు. "ఇల్లేదండీ?"

నాయిన నోరు తెరిచేలోపే అవ్వ పక్కకు జరిగింది. "కూసో బిడ్డా, ఇప్పుడే వస్తది."

ఆయన నిజంగానే కూర్చున్నాడు. అవ్వ గ్లాసులో పాలు పోసిచ్చింది. మేం పరుగులు. గోడ వెంబడి గోడ ఆయన చుట్టూ లేస్తుంటే ఆయన గుక్క గుక్కకూ ఆగి మెడ తిప్పుకుంటూ చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇంటికి పైకప్పు కూడా పడింది.

"మీరు చూపించాలనుకున్నది ఇదేనా?" అని అడిగాడు.

నాయినకు అబద్ధం రాదు. "కాదు సార్. పాలు పొంగిచ్చినం, లోపటంత వేడెక్కింది, అందుకే ఇప్పినం" అన్నాడు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. తలుపు మూయించి, థర్మామీటరు పెట్టుకుని మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. బయట తారు కరిగే ఎండ. లోపల పొద్దుటి పూటే ఉండిపోయింది. పోయేముందు నాయిన భుజం తట్టి, లారీలు మాట్లాడుకోమన్నాడు. ఆ సాయంత్రం మేం షెడ్డులో గంతులేశాం. మేస్త్రీ అయితే అవ్వను కూడా లేపి ఆడించాడు.

లారీలతో పాటు సముద్రం ఒడ్డుకు నేనూ వెళ్లాను. మొదటి ఇల్లు నిలబెట్టాం. అది ఎవరికిచ్చారో ఆమె చంకలో బిడ్డతో గుమ్మం ముందే ఆగిపోయింది. రమ్మంటే రాదు. చాలాసేపటికి నాయిన దగ్గరికొచ్చి, మెల్లగా అడిగింది.

"కొన్నాళ్లుండే ఇల్లే కదండీ. దీనికి పాలు పొంగించుకోవచ్చాండీ?"

నాయిన లారీ దగ్గరికి పోయి, అవ్వ పట్టుబట్టి పెట్టించిన స్టవ్వు తెచ్చి ఈసారి గుమ్మం బయట పెట్టాడు. సముద్రపు గాలి మంటను నిలవనివ్వడం లేదు. మేస్త్రీ వచ్చి గాలికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన పక్కన నేను, నా పక్కన లారీ డ్రైవర్లు, వాళ్ల పక్కన గుడారాల్లోని జనం, భుజానికి భుజం ఆనించి చుట్టూ నిలబడ్డాం. పాలు పొంగేదాకా ఎవరూ కదల్లేదు.