సంతగోడ మీద బీరపాదు

అచ్చియ్యమ్మ గొంతు చోడవరంలో ఎరగనివాళ్ళు లేరు. ఇంట్లోంచి మొగుడు పరదేశిని పిలిచిందంటే, వీధి చివర బండి తోలుకొస్తున్న అతనితోపాటు పక్కవీధిలో ఉన్న ఇంకో పరదేశి కూడా "ఆఁ" అనేవాడు.

పంటలు ఎక్కువ పండించమని సర్కారు ఊదరగొడుతున్న రోజులవి. యాభైరెండులో సంతగోడ వెనక తుప్పలు పట్టిన పంచాయతీ జాగాని ఆ వీధిలో ఎనిమిదిళ్ళ ఆడవాళ్ళకి ఉమ్మడి తోటకిచ్చారు. పెద్దరికం అచ్చియ్యమ్మకి ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. రెండు నెలలు తిరిగేసరికి బీర, ఆనప విరగకాశాయి. ఇళ్ళల్లో వండుకోగా మిగిలినవి తోట గుమ్మంలో గోనె పరిచి అమ్మసాగారు.

నాలుగోనాడు పంచాయతీ గుమాస్తా కామేశం గొడుగేసుకుని దిగాడు.

"ఇళ్ళ వీధిలో కూరలు అమ్మకూడదు అచ్చియ్యమ్మా. అమ్మకం సంత హద్దులోనే. రూలు."

"పండించమన్నది మీరే కదా బాబూ?"

"పండించమన్నాం. అమ్మమన్నామా?"

"అయితే ఇన్నేటి సేసుకుంటాం? ఆనపకాయ పేరు సెబితే మా ఆయన బండి దిగడం నేదు!"

సంతలో చోటడిగితే ఖాళీ లేదన్నారు. అచ్చియ్యమ్మకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కోపంలోనే ఆవిడ బుర్ర బాగా పనిచేసేది. కొత్త బీరతీగల్ని తాళ్ళు కట్టి గుండెలెత్తు గోడ ఎక్కించింది. నెల తిరక్కుండా కాయలు అవతల సంతలోకి వేలాడాయి. కొనేవాళ్ళు అటునుంచి చూపిస్తే ఆవిడ ఇటునుంచి కోసిచ్చేది.

కబురు తెలిసి కామేశం తోటలోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేవిటి?"

"సంత హద్దులోనే అమ్మతన్నాను బాబూ. కాయ ఎటుందో సూడండి."

"నువ్వు ఇటున్నావుగా!"

"నన్నమ్మడం నేదు కదా?"

కామేశం రూళ్ళ పుస్తకం గోడ మీద పరిచి చెమటలు కక్కుతూ తిరగేశాడు. సరుకు ఎక్కడుండాలో రాసి ఉంది. అమ్మే మనిషి కాళ్ళు ఎక్కడుండాలో లేదు. ఇంతలో అవతలివైపు నుంచి తన భార్య వరహాలక్ష్మి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఆ పుస్తకం కాస్త జరపండి. దాని కింద లేతకాయ ఉంది."

సంతంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ప్రెసిడెంటు గణపతిరావుగారి దాకా పోయింది. ఉమ్మడి తోట కాయలు పొద్దున్న పది దాకా తోట గుమ్మంలోనే అమ్ముకోవచ్చని మరుసటి మీటింగులో తీర్మానం రాశారు. దాన్ని తెచ్చి చదవాల్సిన పని కామేశం మీదే పడింది.

అచ్చియ్యమ్మ మూడుసార్లు చదివించుకుంది. కాగితంలో తన పేరు వచ్చినప్పుడల్లా పమిట సర్దుకుంది.

"'అచ్చియ్యమ్మ వగైరా' అన్నారు. వగైరా అంటే ఏటి బాబూ?"

"మిగతా ఏడిళ్ళవాళ్ళు."

"అలాగైతే ఆళ్ళ పేర్లూ రాయండి. నూతికాణ్ణించి నీళ్ళు మోసింది ఆళ్ళే. నాను అరిసేను, అంతే."

కామేశం నిట్టూర్చి, గోనె మీద చతికిలబడి, కొత్త కాగితం తీశాడు.

"రాయండి. నూకరత్నం, చిన్నతల్లి, నరసమ్మ..."