నూనె రంధ్రంలో రాణీరంగు దారం

మా చిన్నప్పుడు సూరత్‌లోని అమ్రోలిలో మా గది ముందు ఒక కారు ఇటుకల దొంతుల మీద నిలబడి ఉండేది... చక్రాలు లేవు, ముందు అద్దం లేదు, ఇంజను ఉండాల్సిన చోట మా పిల్లి ఈనింది. ఆ కారు మా అన్నది.

కారంటే ఏదో ఊహించుకోకండి. వెనక డిక్కీ కూడా లేని పాత చిన్న బండి. తుక్కుకు పోతుంటే, తను పని నేర్చుకుంటున్న గ్యారేజీ ఉస్తాదును బతిమాలి తెచ్చుకున్నాడు. యాక్సిడెంటులో నుజ్జయిన ఒక పెద్ద కారు ఇంజనును బాగుచేసి దీనికి ఎక్కించాలని అన్న పట్టుదల.

మాది సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. బాపు వాటిని బాగుచేసే మేస్త్రీ. కొడుకు కూడా సాంచాల మీదికే రావాలన్నది ఆయన పంతం. అన్నకేమో ఆ మోత అంటేనే పడదు... గల్లీ మలుపులో బండి సప్పుడు వినబడితే చాలు, అదేం బండో, దానికేం జబ్బో చెప్పేసేవాడు. ఆ చెవులు ఇంట్లో వాళ్ల మాటకు మాత్రం పనిచేయవని అమ్మ దెప్పేది.

విప్పిన సామానంతా మా ఒక్క గదిలోనే. వాల్వులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అమ్మ చాటలో వరుసగా పేర్చాడు. పాపం అమ్మ, బియ్యం చెరగడానికి పక్కింటి చాట అడుక్కునేది. పిస్టన్లకు కొత్త రింగులు వేశాడు. ఇంజను పట్టడం లేదని కారు ముందు భాగం కోసి, పట్టీలు వెల్డింగు చేయించాడు. బాపు చూసి, పిల్లి కడుపులో పులిని కుడుతున్నావని నవ్వేవాడు. నవ్వుతూనే స్పానరు అందుకునేవాడు...

ఒకరోజు భోజనాల దగ్గర బాపు తేల్చేశాడు.

"ఈ బండి మనల్ని డుమస్ సముద్రం దాకా తీస్కపోయి మల్ల ఇంటికి తెచ్చిందనుకో, నువ్వు గ్యారేజీకే పో. నేనేమనను. లేకుంటె తెల్లారి సాంచాల మీదికి రావాలె."

అన్న సరేనన్నాడు. ఆ రోజు నుంచి వాడికి అన్నం సయించలేదు.

ఇంజను బిగించే ముందు అన్న దాని పెద్ద దిమ్మను కడిగి, గాలి కొట్టి, వాకిట్లో పెట్టి బోల్టుల కోసం బయటికి వెళ్లాడు. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పే వెళ్లాడు... పక్క సాంచాల షెడ్డులోంచి దారపు నూగు ఎగిరొచ్చి దాని మీద పడుతోంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

సాంచాకు నూనె రంధ్రం తెరిచి ఉంచకూడదు. చిన్న దారపు కుచ్చు దూర్చాలి. నూగు లోపలికి పోదు, నూనె మెల్లమెల్లగా దిగుతుంది. నా వేళ్లు సన్నమని బాపు ఆ పని నాకే చెప్పేవాడు. మరి అన్న ఇంజనును అలా వదిలేస్తానా? మంచి రాణీరంగు దారం ఏరుకొచ్చి, కుచ్చు చుట్టి, నూనె రంధ్రంలో పెట్టి చీపురుపుల్లతో నెట్టాను. లోపలికంటా పోయింది... అన్న వచ్చాక చెబుదామనుకున్నాను. ఇంతలో పానీపూరీ బండి వచ్చింది.

ఇంజను మొదటిసారి పలికినప్పుడు గల్లీ అంతా వచ్చి చూసింది. సెలవు రోజున నలుగురం డుమస్ వెళ్లాం. అన్న పక్కన బాపు, షేఠ్‌లాగా కిటికీలో మోచెయ్యి పెట్టుకుని... సముద్రం దగ్గర భజియాలు తిన్నాం. అమ్మ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

తిరుగు దారిలో అన్న మొహం మారిపోయింది. మాకెవరికీ ఏమీ వినబడలేదు. కాసేపటికి టకటకమని సప్పుడు... తర్వాత ఇంజను పట్టేసింది. ఒక టెంపో వెనక తాడు కట్టించుకుని ఇంటికి వచ్చాం.

తెల్లారి అన్న ఇంజను విప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. నూనె దారిలోంచి నల్లగా తడిసిన ఒక ముద్దను తీగతో లాగాడు. వేళ్ల మధ్య నలిపితే రాణీరంగు బయటపడింది. అన్న నా వైపు చూశాడు... వెనక బాపు చెప్పుల సప్పుడు. అన్న పిడికిలి మూసేశాడు.

"నూనె మీద సోయి పెట్టలే బాపూ. తప్పు నాదే."

నిజం చెబితే బాపు నన్ను చంపేవాడా ఏంటి? రెండు తిట్లు తిట్టి, అన్నకు ఇంకో అవకాశం ఇచ్చేవాడు. ఆ ముక్క ఇప్పుడు తెలుస్తోంది... అప్పుడు మాత్రం అన్న వెనక దాక్కున్నాను. ఆ వారమే అన్న సాంచాల మీదికి వెళ్లాడు. కారు తుక్కుకు వెళ్లింది. నేను బాగా చదువుకున్నాను.

ఇరవై రెండేళ్లు అన్న ఆ సాంచాల మోతలో పనిచేశాడు. ఇప్పుడు అన్నకు చెవులు దాదాపు వినబడవు. బండిని సప్పుడుతో పట్టేసే మా అన్నకు...

పోయిన ఆదివారం సూరత్‌లోనే అడాజన్‌లో ఉన్న మా ఇంటికి వస్తే నా కార్లో తిప్పాను. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నదివంతెన మీద, రోడ్డు వైపే చూస్తూ, అంతా చెప్పేశాను. ఆ దారం నేనే పెట్టానని, భయపడి చెప్పలేదని, నీ బతుకు నేనే పాడుచేశానని.

అన్న నా పెదాలు కదలడం ఆలస్యంగా చూశాడు. "ఏమన్నవ్ చెల్లె?"

మళ్లీ చెప్పే ధైర్యం రాలేదు. ఏం లేదని తలూపాను.

"ఇంజను మంచిగున్నది," అన్నాడు, డ్యాష్‌బోర్డును నిమురుతూ. "నూనె ఒక్కటి జర చూస్కుంట ఉండు."

ఇప్పుడు మా వీధిలో కరెంటు బండ్లు సప్పుడే లేకుండా పోతున్నాయి. వాటికి నూనె రంధ్రాలూ లేవట... మీ తప్పును తమ మీద వేసుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి, చదువుతాను. కానీ ముందు వాళ్లకు చెప్పండి... వాళ్లకు వినబడుతున్నప్పుడే.