క్రీం రంగు కింద నా పీహెచ్‌డీ

నా పరిశోధనకు డబ్బివ్వమని మూడు చోట్ల దరఖాస్తు పెట్టుకున్నాను. మొదటివాళ్ళు తెలుగువాళ్ళు. మా ఊరు ఖరగ్‌పూర్ బెంగాల్లో ఉంది కాబట్టి అక్కడే అడగమన్నారు. రెండోవాళ్ళు బెంగాలీలు. అది తెలుగువాళ్ళ గోడ కాబట్టి ఆంధ్రాలో అడగమన్నారు. ఆ రెండు ఉత్తరాలూ దాచిపెట్టాను. రెండోదాంట్లో నా ఇంటిపేరు కూడా తప్పు రాశారు.

గోడంటే మా పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని నాటక సమాజం హాలు బయటి గోడ. రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల మీద నంబర్లు రాసే పెయింటర్లు డ్యూటీ దిగాక వచ్చి, ఆడిన ప్రతి నాటకం పేరూ, వేషాలు కట్టినవాళ్ళ పేర్లూ దాని మీద తెలుగులో రాసేవారు. రేకు అచ్చులతో రాయడం అలవాటైన చేతులు కనుక ప్రతి అక్షరమూ మధ్యలో తెగి ఉండేది. తలకట్టు ఒకచోట, అక్షరం మరోచోట. అలాంటి తెలుగు ఇంకెక్కడా లేదని నా వాదన. ఏ సున్నం మీద ఏ రంగు నిలిచింది, దాన్ని ఎలా కాపాడాలి అన్నదే నా పీహెచ్‌డీ.

మూడో సంస్థ ఒప్పుకుంది. ఆరు నెలలయ్యాక వాళ్ళ నిపుణురాలు కలకత్తా నుంచి వచ్చి గోడ చూస్తారని, ఆవిడ సరేనంటేనే మిగతా రెండేళ్ళ ఫెలోషిప్ అని షరతు పెట్టింది. ఆవిడ కాదంటే నేను చదువు మానేసి, తాల్‌బగీచాలో మా వదిన నడిపే ట్యూషన్ సెంటర్లో చేరాలి. నాకోసం ఒక క్లాసు ఖాళీగా ఉంచానని ఆమె ముందే బంధువులందరికీ చెప్పి పెట్టింది. అదీ నాకు గుర్తుంది.

హాలు తాళం మావయ్య దగ్గరుంటుంది. చుట్టం కాడు, వర్క్‌షాప్‌లో మా నాన్న మీద ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మంగళవారం ఆయనకు చెప్పాను.

"మావా, శుక్రవారం కలకత్తా నుంచి మేడమ్ వస్తున్నారు. గోడ చూడ్డానికి."

"సూడ్డానికంటే ఏటే? ఇన్‌స్పెక్షనా?"

"అలాంటిదే."

"మరి ముందే సెప్పొద్దేటి! మూడ్రోజులే ఉంది. పరవానేదు, నువ్వెల్లు. మేం సూసుకుంటాం."

పెద్ద సాహెబు వస్తున్నాడంటే రైల్వేవాళ్ళు కదలని ప్రతి వస్తువుకీ రంగు వేస్తారు. ఇది తెలిసీ నేను ఆ మాట అన్నానని మా నాన్న ఇప్పటికీ దెప్పుతారు. నేను ఒప్పుకోను. ఇన్‌స్పెక్షన్ అన్నది మావయ్య. నేను కాదు.

శుక్రవారం మేడమ్‌ని స్టేషన్లో కలుసుకుని టోటో రిక్షాలో తీసుకొచ్చాను. మా సందు మలుపు తిరిగాం. దారికి రెండు పక్కలా ఇటుకలన్నీ తెల్లగా ఉన్నాయి. వీధి కొళాయి వెండి రంగులో ఉంది. వేపచెట్టు మొదలుకి జేగురు పట్టీ. హాలు నిలువెల్లా క్రీం రంగు, అడుగున మూరెడు ఎర్ర పట్టీ. దాని ముందు ఇస్త్రీ చొక్కాలతో అయిదుగురు పెద్దమనుషులు సీనియారిటీ ప్రకారం వరసగా నిలబడ్డారు. నాలుగోవాడు మా నాన్న. ఆయన మోచేతికి క్రీం రంగు.

"ఎటా కీ?" అన్నారు మేడమ్. ఇదేమిటని.

"అక్షరాలేవి మావా?" అన్నాను.

"లోపలే ఉన్నాయి గదే. ఎండ తగల్దు, వాన తగల్దు. కాపాడాలి, కాపాడాలని నువ్వు ఆర్నెల్లు తిరిగినావు. మేం మూడ్రోజుల్లో కాపాడీసినాం."

"నాన్నా, నువ్వైనా వద్దనలేదా?"

"అన్నాను. ప్రైమర్ నేకుండా ఎయ్యొద్దన్నాను. అప్పుడు ప్రైమర్ కూడా ఏసినారు."

మేడమ్ గోడ మీద చెయ్యి పెట్టారు. అరచెయ్యి క్రీం రంగయింది. మావయ్య కిరసనాయిలు గుడ్డ అందించి, దండ వేసి, రసగుల్లా పెట్టారు. వీళ్ళు ఇదివరకు కూడా ఇలా వేశారా అని ఆవిడ హిందీలో అడిగారు.

"ఎయ్యకేటి దీదీ! పెద్దోలు ఎవులొచ్చినా ఏస్తాం. కింద ఎన్ని పూతలున్నాయో దేవుడికే ఎరిక" అన్నారు మావయ్య, గర్వంగా, సగం బెంగాలీలో, సగం మన భాషలో.

మేడమ్ నోటుబుక్కు తీశారు. ఏ బ్రష్షు, నిచ్చెన ఎవరు పట్టుకుంటారు, ఎర్ర పట్టీ దేనికి అని అడిగారు. పాన్ ఉమ్ములు కనబడకుండా అని మావయ్య చెప్పారు. అదీ రాసుకున్నారు. నా ఆరు నెలల నివేదిక మీద ఆవిడ రాసింది ఒక్క టిక్కు. మావయ్య మాటలు నాలుగు పేజీలు పట్టాయి.

నెలన్నరకి ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ ఫెలోషిప్ మంజూరయింది. అతిథుల కోసం రంగు వేయడం ఈ వర్క్‌షాప్ కుటుంబాల సజీవ వారసత్వమట. అందుచేత కొత్త పూతను గీకకూడదు, తడపకూడదు, ఊడదీయకూడదు. దాని కింది అక్షరాల మీద మాత్రం నా పరిశోధన యథాతథంగా కొనసాగించాలి. గోడను అసలు రూపంలో సంరక్షించినందుకు సమాజం పెద్దలకు అభినందనలు. నాకు అభినందనలు లేవు.

నాలుగు పేజీల అభ్యంతరం రాసి పంపాను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఒక వాక్యం వచ్చింది. అంగీకార పత్రం మీద సంతకం చెయ్యనని భీష్మించాను. మా నాన్న పక్కన కూర్చున్నారు.

"వర్క్‌షాపులో సార్జిషీటు ఇచ్చినా తీసుకోనని ఎవుడూ అన్డు. తీసుకుని, సంతకం కింద 'ఒప్పుకోను' అని రాసీస్తాడు. అలగ ఉజ్జోగం ఉంటది, మాటా ఉంటది."

అలాగే చేశాను. సంతకం పెట్టి, దాని కింద తెలుగులో, తెగిన అక్షరాలతో, "ఒప్పుకోను" అని రాశాను. వారం తిరక్కుండా ఆ సంస్థ ఆఫీసు నుంచి ఒక బెంగాలీ దాదా ఫోన్ చేసి, సంతకం కింద ఉన్న డిజైన్ చాలా బాగుంది, మా వార్షిక నివేదిక అట్ట మీద వేసుకోవచ్చా అని అడిగాడు.

వీల్లేదన్నాను. వేశారు.