పదివేలు దాటించిన సీట్లమ్మ

సీట్లమ్మ పోయేనాటికి ఆమె కారు మీటరు లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు దాటి ఉంది. మామూలు కారుకి అదేమంత లెక్క కాదు. కానీ అది ఎప్పటిదో పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అలాంటివి ఇంకా ఎన్ని మిగిలాయో, ఎవరి దగ్గర ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే మనుషులు కొందరుంటారు. వాళ్ళ దృష్టిలో దాన్ని అంతగా తిప్పడమంటే పట్టుగుడ్డతో గచ్చు తుడవడమే. ఆ మాట ఆమె ముఖం మీదే అన్నారు కూడా. "గచ్చు మెరిసింది కదా మరి" అని ఆమె జవాబు.

ఆమె అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. కార్లకీ వ్యాన్లకీ సీట్లు కుట్టే కొట్టు ఆమెది. టైర్ల దుకాణానికీ అద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న గది. అందులో ఒక కుట్టుమిషను, తోలు కోసే బల్ల, గోడకి ఆనించిన రెగ్జిన్ చుట్టలు, మూలన స్పాంజి దిమ్మలు. పొద్దున మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. సూది పోట్లకి కుడి చూపుడువేలి కొస ఎంత మొద్దుబారిందంటే, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా చురుక్కుమనేది కాదు. పాత సీటు తోలు ఊడదీసి, దాని మీద సూది బెజ్జాలు ఎక్కడెక్కడ పడ్డాయో లెక్కపెట్టి, కొత్త తోలు మీద సరిగ్గా అక్కడే కుట్టు పడేలా కుట్టడం ఆమె ఒక్కదానికే చేతనవును. పని అయ్యాక సీటు అడుగున, ఎవరికీ కనబడని చోట, పచ్చ దారంతో చిన్న ముడి వేసేది. అది ఆమె సంతకం.

ఆమె భర్త ఒక కంపెనీ గోదాములో స్టోర్ కీపరు. కంపెనీ మూతపడ్డప్పుడు యజమాని కారు వేలానికి వచ్చింది. ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న కారు. టైర్లు బీటలిచ్చాయి, సీట్లని ఎలుకలు కొరికేశాయి, కానీ మీటరు మాత్రం ఏడువేలే చూపించింది. ఆయన దాచుకున్నదానికి ఆమె కొట్టు దాచింది కలిస్తేగానీ పాట నిలవలేదు. అందుకే కాగితాలు ఆమె పేరు మీద రాయించాడు. "పేరు నీది, కారు నాది" అనేవాడు నవ్వుతూ. నవ్వుతూ అన్నా అది నిజమే. మూడు నెలలు కూర్చుని ఆ రెండు సీట్లూ ఆమె కుట్టింది. కుట్టాక మాత్రం ఆమెని అందులో కూర్చోనిచ్చేవాడు కాదు. ఎక్కి దిగితే తోలు నలుగుతుందట. స్టీరింగు సంగతి అడగనే అక్కర్లేదు. కొట్టు వ్యానుని ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న మనిషికి, "నీ కాలికి క్లచ్ ఆగదు" అని చెప్పేవాడు.

పదకొండేళ్ళ పాటు ఆయన ఆ కారుని ఆదివారం ఆదివారం గేర్ల మేస్త్రి షెడ్డు దాకా మాత్రమే నడిపాడు. ఆ షెడ్డులో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురైదుగురు చేరేవాళ్ళు. మేస్త్రి గేరుబాక్సులు విప్పడంలో పండిపోయినవాడు, మాట కూడా గేరులాగే ఒక పట్టాన పడదు. అక్కడ ఒక నియమం ఉంది. గోడకి మేకులు కొట్టి బిగించిన పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. విస్కీ సీసా మూత తీయకముందే ఎవరి కారు తాళం వాళ్ళు అందులో వెయ్యాలి. మర్నాడు పొద్దుటిదాకా మేస్త్రి ఎవరు బతిమాలినా ఇవ్వడు. తాళం వేసినవాళ్ళకే గ్లాసు. తాళం లేనివాళ్ళకి మంచినీళ్ళు. సాయంత్రం అందరూ బస్సెక్కి, కడ్డీ పట్టుకు వేలాడుతూ ఇళ్ళకి పోయేవాళ్ళు.

భర్త పోయిన ఎనిమిదో నెలలో మరిది ఆమెని షెడ్డుకి రమ్మన్నాడు. మరిది పాత కార్ల బ్రోకరు; కారు అమ్మేద్దామని అప్పటికే రెండుసార్లు అడిగాడు. ఆమె వెళ్ళేసరికి తాళాలు డబ్బాలో పడిపోయాయి, మాటలు ఊపందుకున్నాయి. మేస్త్రి ఆమెకి స్టూలు వేసి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. మరిది చేతిలోనూ మంచినీళ్ళే. కార్లు అమ్మించడమే గానీ అతనికంటూ కారు లేదు.

"నాకైతే పొగ వాసన కొట్టాలి" అంటున్నాడు పళ్ళ డాక్టరు, గ్లాసు ముక్కు కింద తిప్పుతూ. "తడి కట్టెలు మండే పొయ్యి పక్కన కూర్చున్నట్టుండాలి."

"రోజంతా జనం నోళ్ళు చూసి చూసి మీ ముక్కు చచ్చిపోయింది డాక్టరు గారూ" అన్నాడు మేస్త్రి. "మందంటే తేనెలా జారాలి. పీపాలో పన్నెండేళ్ళు కూర్చుంటే గానీ ఆ నునుపు రాదు."

"పీపాలో పెరిగేది వయసు. సీసాలో పెరిగేది ధర" అన్నాడు మరిది. "అదిగో, మా అన్నయ్య సీసా చూడండి."

ఇనుప బీరువా పై అరలో, చుట్టూ సీలు వేసి ఉన్న సీసా ఒకటుంది. కంపెనీ మంచిగా ఉన్న రోజుల్లో యజమాని ఇచ్చింది. మంచి రోజు చూసి తీద్దామని భర్త దాన్ని మేస్త్రి దగ్గర దాచాడు. ఆ రోజు రాకముందే ఆయన పోయాడు.

"కార్లయినా అంతే" అన్నాడు మరిది. "ఇప్పుడు గిరాకీ అంతా తిరగని బళ్ళకే. పదివేల లోపుంటే కళ్ళకద్దుకుని కొంటారు. దాటిందా, మామూలు పాత కారే. మధ్యలో మెట్టు లేదు, గొయ్యే."

"అందుకే నేను నా కారుని లారీ ఎక్కించి తిప్పుతాను" అన్నాడు డాక్టరు. "ప్రదర్శనలన్నిటికీ వెళ్ళొచ్చింది. మీటరు మీద చుక్క కదల్లేదు."

"ఈపాటికి ఆ లారీకే స్పోర్ట్స్ కారు అలవాట్లు వచ్చుంటాయి" అన్నాడు మేస్త్రి.

సీట్లమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేను అమ్మనని చెప్పాను కదా."

మరిది మిగతావాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. "విన్నారా? బేరంలో మా వదిన మా అన్నయ్యని మించింది. మొదటిసారి అమ్మనంది, కారు అడుగుతున్న హోటలాయన ఒక మెట్టు ఎక్కాడు. రెండోసారి అంది, ఇంకో మెట్టెక్కాడు. ఇది మూడోసారి."

ఆ మాటకి ఆమెకి విషయం తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె వద్దు అంటుంటే వీళ్ళకి ఇంకా కావాలి అని వినబడుతోంది. ఎంత గట్టిగా వద్దంటే ధర అంత పెరుగుతుంది. ధర పెరిగేకొద్దీ ఇంట్లో వాళ్ళూ బయటి వాళ్ళూ ఆమె మీద పడిపోతారు. నోటితో చెప్పి ఈ కారుని నిలుపుకోవడం జరిగే పని కాదు.

"ఇంతకీ ఆయన దాన్నేం చేసుకుంటాడు?" అని అడిగింది.

"హోటల్లో అద్దాల గది కట్టించాడు వదినా. అందులో పెడతాడు. ఎవరూ చెయ్యి కూడా వెయ్యరు. మన సీసా కూడా కారుతో పాటే ఇచ్చేద్దాం, ముచ్చటపడ్డాడు. వచ్చే ఆదివారం పదకొండింటికి ఇక్కడికే వస్తాడు. తొమ్మిదింటికి డాక్టరు గారి లారీ మీ ఇంటికొస్తుంది. నువ్వు బండి స్టార్ట్ చెయ్యొద్దు. మీటరు తొమ్మిదివేల తొమ్మిదివందల పన్నెండు దగ్గరుంది."

తోలు కొలత విన్నట్టు ఆమె ఆ అంకె విని, మనసులో తీసివేత చేసుకుంది. ఎనభై ఎనిమిది.

ఆదివారం ఎనిమిదింటికే ఆమె ఫోను వంటగది సొరుగులో పడేసి, కారులో ఎక్కి కూర్చుంది. ఆ సీటు ఆమెకి అడుగు నుంచి తెలుసు, లోపలి నుంచి తెలుసు. పైనుంచి తెలియడం అదే మొదలు. ఇంజను మూడోసారికి అందుకుంది. సందు మలుపులో ఒకసారి ఆగిపోయింది. పేపరు చదువుకుంటున్న అద్దాల కొట్టతను తలెత్తి, "సీట్లమ్మా, ఎవరిదా బండి?" అన్నాడు.

"నాదే" అంది. అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినబడింది.

ఊరు దాటాక కాలు క్లచ్‌కి అలవాటు పడింది. వ్యాను కంటే బిగువే గానీ, ఆగనంత ఏం కాదు. ఆ సంగతి ఋజువయ్యాక ఆమెకి సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. చచ్చిపోయిన మనిషితో పెద్దగా పోట్లాడుతూ పది మైళ్ళు నడిపింది. ఇంత దానికా నన్ను పదకొండేళ్ళు గుమ్మంలో నిలబెట్టావు అంది. ఆయన ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాడు, జవాబుకి జవాబు చెప్పొచ్చు. ఏడుపు వచ్చింది. అద్దం దించింది, గాలికి కళ్ళు ఆరిపోయాయి. పోను నలభై నాలుగు కిలోమీటర్లు, రాను నలభై నాలుగు. మధ్యలో ఒక బంకు దగ్గర పెట్రోలు పోయించి, టీ తాగింది.

తిరిగి ఊళ్ళోకి వచ్చి, షెడ్డు ఇంకో రెండు వీధులుందనగా సిగ్నలు పడింది. మీటరు మీద నాలుగు తొమ్మిదులు వరసగా నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఆపేసి లారీ పిలిపిస్తే ఇంకా కళ్ళకద్దుకునే కారే. అద్దాల గది దానికోసం కాచుకునే ఉంది. పచ్చ దీపం పడింది. వెనక బస్సువాడు హారను మోగించాడు. ఆమె క్లచ్ మీద నుంచి నెమ్మదిగా కాలు తీసింది.

షెడ్డు ముందు అందరూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. డాక్టరు లారీ ఖాళీగా ఉంది. మరిది కారు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి తల దూర్చి మీటరు చూశాడు. తల బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"వదినా, ఏం పోగొట్టావో నీకు తెలుసా?"

"పోగొట్టలేదయ్యా, తిరిగొచ్చాను."

హోటలాయన మెత్తటి చేతి తొడుగులు వేసుకుని వచ్చాడు. వేడెక్కిన బానెట్టు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. సీట్ల దగ్గర మాత్రం వంగిపోయి, కుట్టుని కళ్ళజోడు పైకెత్తి మరీ చూశాడు. "సరే, మీటరు పోతే పోయింది. ఈ సీట్లు కంపెనీ కుట్టు. ఇలా కుట్టేవాళ్ళు ఇప్పుడు లేరు. వీటి కోసమైనా, కాస్త తగ్గించి తీసుకుంటాను."

మరిది ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. సీట్లమ్మ ఊరుకుని ఉంటే ఆ బేరం కుదిరిపోయేదే.

"కంపెనీది కాదండీ. ఆ కుట్టు నాది" అంది. "నమ్మకపోతే సీటు కింద చెయ్యి పెట్టి చూడండి. వెనక మూలన పచ్చ దారం ముడి ఉంటుంది."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు. "అయితే ఇంక దీంట్లో ఒరిజినల్ ఏముంది?"

"ఏమీ లేదు. మీకెందుకు, వదిలెయ్యండి."

ఆయన కారు వెళ్ళిపోయాక మరిది గోడకి ఆనుకుని, "అన్నయ్య ఉండుంటే ఈ మీటరు చూసి గుండె ఆగిపోయేది" అన్నాడు.

"ఆగే పోయాడు కదయ్యా, మీటరు తిరక్కుండానే" అంది ఆమె. లోపలికి నడిచి, డబ్బాలో తాళం వేసింది. రేకు ఖంగుమంది. "మేస్త్రి అన్నయ్యా, తాళం పడింది. నా గ్లాసేదీ?"

మేస్త్రి డబ్బా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నియమం పెట్టింది తనే. "ఏం పొయ్యమంటావు చెల్లెమ్మా?"

ఆమె బీరువా పై అర చూపించింది.

"ఆ సీలు తియ్యకండమ్మా" అన్నాడు డాక్టరు, పన్ను పీకుతుంటే మూలిగినట్టు. "అది ఇప్పుడు దొరకదు."

"ఆయనా దొరకడు" అని ఆమె సంచిలోంచి తోలు కత్తి తీసి సీలు కోసింది. బిరడా ముక్కలు ముక్కలయింది. అప్పటిదాకా సీలు చెక్కుచెదరకున్నా, సీసాలో మందు మెడ కిందికి దిగిపోయి ఉంది. ఎవరూ తాగకుండానే అంత తరిగిపోయింది. డాక్టరు కూడా తన తాళం డబ్బాలో వేశాక, పలచటి గుడ్డలో వడకట్టి మూడు గ్లాసుల్లో పోశారు. తాళం లేదు కనక మరిదికి మంచినీళ్ళిచ్చారు.

"పొగ వాసన. నేను చెప్పలా?" అన్నాడు డాక్టరు.

"పొగేంటండీ, తేనె" అన్నాడు మేస్త్రి.

సీట్లమ్మ కొంచెం నోట్లో పోసుకుని, మింగి, దగ్గి, కళ్ళు తుడుచుకుంది. "కొత్త తోలు చుట్ట విప్పిన వాసన" అంది. వాళ్ళిద్దరూ మళ్ళీ వాసన చూసి, ఔనన్నట్టు తలూపారు.

సాయంత్రం అందరితో పాటు బస్సెక్కి కడ్డీ పట్టుకుని ఇంటికి పోయింది. సోమవారం మేస్త్రి షెడ్డు తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన డబ్బాలోంచి తాళం తీసి ఆమె చేతిలో పెడుతూ, "ఎక్కడికి చెల్లెమ్మా?" అని అడిగాడు.

"ఇంకా అనుకోలేదు అన్నయ్యా. ట్యాంకు మాత్రం నిండా ఉంది."